కరాటే దుస్తులు వీధిలోకి ఎందుకు రాకూడదు

పోయిన నెల ఒక సాయంత్రం తరగతి ముగిసి పిల్లలు చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఒక విద్యార్థి తల్లి నా దగ్గరకు వచ్చి, “మాస్టారూ, ఆదివారం మావాడి పుట్టినరోజండీ. కొత్త బట్టలు వద్దంటున్నాడు. కరాటే డ్రెస్సూ బెల్టూ వేసుకునే కేకు కోస్తాడట. వేయొచ్చాండీ?” అని అడిగారు. నేను ఆలోచించకుండానే “వద్దమ్మా” అన్నాను. ఆమె సరేనని తలూపి కొడుకు చేయి పట్టుకుని వెళ్ళిపోయారు. ఎందుకు వద్దో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. కారణం చెప్పని నియమం పిల్లల దగ్గర ఎక్కువ కాలం నిలవదని గుంటూరులో 20 ఏళ్ళకు పైగా కరాటే నేర్పుతున్న నాకు బాగా తెలుసు. పైగా ఈ నియమాన్ని నేను పుస్తకంలో చదివి పట్టుకోలేదు, నా వల్ల జరిగిన ఒక తప్పు నుంచి నేర్చుకున్నాను. అందుకని ఆమెకు నేను బాకీపడిన జవాబును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందుగా, తరచుగా వినిపించేదే అయినా నేను ఒప్పుకోలేని కారణం ఒకటి ఉంది. ఇవి వేల ఏళ్ళ నాటి పవిత్ర వస్త్రాలనీ, వాటిని బయట వేసుకోవడం అపచారమనీ చెప్పే శిక్షకులు మనలో చాలామంది ఉన్నారు. చరిత్ర అలా లేదు. 1882లో జిగొరొ కానో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే గదిలో కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని ప్రారంభించి జూడో నేర్పసాగారు. పట్టుకుని లాగి ఎత్తిపడేసే ఆ విద్యకు మామూలు బట్టలు ఆగవు కనుక గట్టి నేత చొక్కా అవసరమైంది. మొదట్లో ఆ చొక్కా చేతులూ లాగూ పొట్టిగా ఉండేవి, ఇప్పుడు మనం చూసే పొడవు 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో గాని రాలేదు. కరాటే పుట్టిన ఒకినావా దీవిలోనైతే ప్రత్యేకమైన దుస్తులే లేవు. పెరట్లో, ఒంటిమీద ఉన్న బట్టలతోనో చొక్కా విప్పేసో సాధన చేసేవారు. 1922లో ఒకినావా కరాటే గురువు గిచిన్ ఫునాకోషి టోక్యోకు వచ్చి కొడోకాన్‌లో కరాటే చూపించిన తరువాతి కాలంలో జూడో దుస్తులే కొంత పలుచని గుడ్డతో కరాటేకూ వచ్చాయి. 1924లో ఆయన తన శిష్యులకు మొదటిసారి డాన్ పట్టాలు, అంటే నల్ల బెల్టు స్థాయి పట్టాలు, ఇచ్చారు. రంగురంగుల బెల్టులు ఇంకా తరువాతివి. పారిస్‌లో జూడో నేర్పిన మికినొసుకె కవాయిషి 1930లలో వాటికి ప్రచారం తెచ్చారు. ఏళ్ళ తరబడి చెమటా మట్టీ పట్టి తెల్ల బెల్టే నల్ల బెల్టు అయిందనే కథను నేను కూడా ఒకప్పుడు పిల్లలకు చెప్పాను, ఇప్పుడు చెప్పడం లేదు. నల్ల బెల్టు 1880లలో కానో తన పై తరగతి శిష్యులకు గుర్తుగా ఏర్పాటు చేసినదే. అంటే మన వాళ్ళు ప్రాచీనమని చెప్పుకునే ఈ వేషం వయసు కాస్త అటూ ఇటూగా నూరేళ్ళు. ఒక పని కోసం కుట్టించిన బట్ట ఇది. జపాను వాళ్ళు దీన్ని కేకోగి అంటారు. కేకో అంటే అభ్యాసం, గి అంటే తొడుక్కునేది. అభ్యాసపు బట్ట అని చెబితే సరిపోతుంది.

మరికొందరు దీన్ని మడితో పోలుస్తారు. మా నాయనమ్మ మడిబట్ట దండెం మీద ఆరుతుంటే మేము కర్రతో కూడా తాకకూడదు. అలాగే కరాటే డ్రెస్సుకు బయటి గాలి సోకకూడదని ఒక పెద్దమనిషి నాతో వాదించారు. ఈ పోలిక నాకు సరిపడదు. మడి ఉన్నది ఇతరుల స్పర్శను దూరం పెట్టడానికి. సాధన దుస్తులు ఉన్నవి ఇతరుల స్పర్శను భరించడానికి. ఎవరి చెమట ఎవరి చొక్కాకు అంటిందో చెప్పలేని స్థితిలో గంటన్నర గడిపి, చివర ఒకరికొకరు వంగి నమస్కరించే చోట మడికి తావే లేదు. సాధన చేసే హాలును చెప్పే దోజో అనే మాట బౌద్ధం నుంచి వచ్చినదే. బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటును చెప్పే బోధిమండమనే సంస్కృత పదానికి చీనాలో చేసిన అనువాదం జపాను చేరి దోజో అయింది. ఆ చోటు మీద నాకు గౌరవముంది. ఆ గౌరవాన్ని అంటు, ముట్టు లెక్కల్లోకి దించడం మాత్రం నాకు ఇష్టం లేదు.

మరి కారణమేమిటి? లోపల ఆ బట్ట ఏం చేస్తుందో చూస్తే బయట ఎందుకు వద్దో తెలుస్తుంది. మా తరగతిలో మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ కొడుకూ, బ్రాడీపేటలో సొంత ఆసుపత్రి ఉన్న డాక్టరు గారి కూతురూ పక్కపక్కన నిలబడతారు. వాళ్ళు వచ్చేటప్పుడు ఎవరి చెప్పులు ఎంత ఖరీదైనవో, ఎవరు కారు దిగారో, ఎవరు నడిచి వచ్చారో అందరికీ కనబడుతుంది. డ్రెస్సు వేసుకున్నాక ఆ తేడాలు కనబడవు. గుడ్డ నాణ్యతలో కొంచెం తేడా ఉంటుందేమో గాని, రెండు నెలలు ఉతికాక అదీ ఉండదు. అందరినీ ఒకే వరసలోకి తెచ్చే ఆ తెల్ల గుడ్డనే వీధిలోకి తీసుకువెళ్ళండి. అక్కడ రకరకాల బట్టల మధ్య అది ఒక్కటే తెల్లగా, బెల్టుతో, వేరుగా కనబడుతుంది. లోపల నేను మీలో ఒకడిని అని చెప్పిన బట్ట బయటకు రాగానే నేను మీలాంటివాడిని కాను అని చెబుతుంది. గుడ్డ అదే, మనిషి వాడే, అర్థం మాత్రం పూర్తిగా తిరగబడిపోతుంది. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

ఇది నాకు 1994లో తెలిసింది. మాది తెనాలి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న నేను గుంటూరులో బెల్టు పరీక్ష రాసి గోధుమరంగు బెల్టు అందుకున్న రోజది. బట్టలు మార్చుకునే వీలుంది, సంచిలో చొక్కా ప్యాంటూ ఉన్నాయి. మార్చుకోలేదు. కొత్త బెల్టుతోనే తెనాలి పాసింజరు ఎక్కాలనిపించింది. పెట్టెలో నా వయసు కుర్రాళ్ళు ఇద్దరు నన్ను చూసి “బ్రూస్‌లీ వచ్చాడ్రోయ్” అన్నారు. నేను పట్టించుకోనట్టు తలుపు దగ్గర నిలబడ్డాను గాని, నిజానికి ఆ మాట నాకు నచ్చింది. కాసేపటికి ఒకడు లేచి వచ్చి, “ఏదీ, ఒక్క దెబ్బ చూపించు” అంటూ నా బెల్టు కొస పట్టుకుని లాగాడు. నేను కొట్టాను. వాడి పెదవి చిట్లి రక్తం కారింది, వాడు బల్ల అంచుకు తగిలి కూలబడ్డాడు. పెద్దవాళ్ళు లేచి మమ్మల్ని విడదీశారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎదురు బల్ల మీద చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక ఆవిడ మాత్రం బిడ్డను తీసుకుని పెట్టె అవతలి చివరకు వెళ్ళి కూర్చుంది. వాడి నుంచి దూరంగా వెళ్ళలేదు, నా నుంచి వెళ్ళింది.

మరునాడు మా మాస్టారికి నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. రెండు ప్రశ్నలు మాత్రం అడిగారు. “ఏరా, నీ ఒంటిమీద మామూలు చొక్కా ఉంటే ఆ అబ్బాయి నీ దగ్గరకు వచ్చేవాడా? పోనీ వచ్చాడే అనుకో, మామూలు చొక్కాలో ఉన్న నువ్వు కొట్టేవాడివా?” రెండిటికీ నా దగ్గర ఒకటే జవాబు ఉంది. ఆ డ్రెస్సు వాడినీ పిలిచింది, నన్నూ పురికొల్పింది. రెండో మాట ఎక్కువ ముఖ్యమైనదని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని అర్థం కాలేదు. అంతమంది చూస్తుండగా బెల్టు లాగించుకుని ఊరుకుంటే ఆ బెల్టుకు అవమానమని నేను అనుకున్నాను. నా పరువుకు నేను గుడ్డను కాపలా పెట్టలేదు, గుడ్డ పరువుకు నేనే కాపలా కాశాను.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది, నేను దాన్ని తేలికగా తీసుకోను. మన ఊళ్ళలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు నల్లబట్టలతోనే బజారుకు వెళతారు, ఆఫీసుకు వెళతారు, బస్సెక్కుతారు. ఆ బట్టలే వాళ్ళను అదుపులో ఉంచుతాయి. నల్లబట్టల్లో ఉన్నవాడు నోరు జారడానికి ఆలోచిస్తాడు, మద్యం దుకాణం వైపు వెళ్ళడు. అలాంటప్పుడు కరాటే దుస్తులు కూడా మనిషిని అదుపులో పెట్టవచ్చు కదా, వీధిలో అవి ఉంటే పిల్లవాడు మరింత మర్యాదగా నడుచుకోడా అని ఒక మిత్రుడు అడిగాడు. నేను చాలా రోజులు ఆలోచించాను. తేడా చూసేవాళ్ళలో ఉందని నాకు తోచింది. మాల వేసుకున్న మనిషి ఏ నియమాల్లో ఉన్నాడో ఊరందరికీ తెలుసు. అందరూ అతన్ని స్వామీ అని పిలుస్తారు, తప్పు చేయబోతే మాల వేసుకుని ఇదేమిటి స్వామీ అని నిలదీస్తారు. ఆ బట్టకు అర్థం ఇచ్చేదీ, ఆ అర్థాన్ని కాపాడేదీ చుట్టూ ఉన్న సమాజమే. కరాటే దుస్తుల విషయంలో వీధిలోని వాళ్ళకు దోజో నియమాలేవీ తెలియవు, తెలియవలసిన అవసరమూ లేదు. వాళ్ళకు తెలిసింది సినిమా తెర మీద చూసిన తన్నులే. అందుకే వాళ్ళు నిలదీయరు. భయపడి తప్పుకుంటారు, లేదా ఒక దెబ్బ చూపించమంటారు. రైలు పెట్టెలో నేను చూసినవి ఈ రెండే.

బెల్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చొక్కా ప్యాంటుతో నాకు కొంత రాజీ ఉంది, బెల్టుతో లేదు. తరగతిలో బెల్టు రంగుకు ఒక పని ఉంది. 40 మంది పిల్లలు నిలబడి ఉంటే ఎవరికి ఏ కటా, అంటే వరసగా చేసే కదలికల పాఠం, వచ్చో, ఎవరిని ఎవరితో జత కలపవచ్చో, ఎవరి మీద ఎంత బలం వాడకూడదో శిక్షకుడు ఒక్క చూపులో గ్రహించడానికి అది సాధనం. ఆకుపచ్చ బెల్టు పిల్లవాడు తనకన్నా కింది పసుపు బెల్టు పిల్లవాడితో తలపడేటప్పుడు చేయి తేలిక చేసుకోవాలని ఆ రంగే గుర్తు చేస్తుంది. కూరగాయల బజారులో ఎవరికీ ఈ సమాచారం అక్కరలేదు. అక్కడ మిగిలేది హోదా ఒక్కటే. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం న్యాయవాదులు కోర్టుల్లో తప్ప బహిరంగ ప్రదేశాల్లో గౌను, మెడ దగ్గరి తెల్ల బ్యాండ్లు ధరించకూడదు, ఉత్సవ సందర్భాల వంటి కొన్నిటికే మినహాయింపు. నల్ల కోటు వేసుకుని హోటల్లో కాఫీ తాగవచ్చు, గౌనుతో కూర్చోకూడదు. చొక్కాకూ బెల్టుకూ మధ్య నేను గీసే గీత దాదాపు ఇలాంటిదే. దారిలో తప్పనిసరి అయితే తెల్ల ప్యాంటు కనబడనివ్వండి, పైన మామూలు చొక్కా వేసుకోండి, బెల్టు మాత్రం సంచిలో ఉండాలి.

పరిశుభ్రత కూడా కారణమే. ఆటో సీటు మీదా, టిఫిను బండి పక్క గట్టు మీదా కూర్చున్న ప్యాంటుతోనే హాల్లోకి వచ్చి, తోటివాడి ముఖం ఆనే చాప మీద దొర్లుతారు. కూర్చుని చేసే నమస్కారంలో నుదురు నేలను దాదాపు తాకుతుంది. 2000 తరువాతి తొలి ఏళ్ళలో జపాను జూడో క్రీడాకారుల్లో తామర కలిగించే ఒక రకం శిలీంధ్రం విపరీతంగా పాకింది. దగ్గర దగ్గరగా పట్టుకుని సాధన చేసే చోట చర్మవ్యాధి ఎంత సులువుగా అంటుకుంటుందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. చెమటతో తడిసిన చొక్కాను బస్సు సీటుకు ఆనించడం తోటి ప్రయాణికులకూ మంచిది కాదు. అమ్మలకు చెబితే ఈ కారణం వెంటనే అర్థమవుతుంది, అందుకే నేను మొదట ఇదే చెబుతుంటాను. అయినా డ్రెస్సు రోజూ ఉతికి, దారిలో దుమ్ము పడకుండా చూసుకున్నా నా అసలు అభ్యంతరం అలాగే ఉంటుంది.

జపానులోనే పిల్లలు కరాటే దుస్తులతో సైకిలు తొక్కుకుంటూ వీధి చివరి దోజోకు వెళతారు కదా అని కొందరు అంటారు. నిజమే, వెళతారు. ఇల్లు దగ్గర, వీధంతా ఎరిగినవాళ్ళు, అక్కడ ఆ బట్ట ఎవరినీ బెదిరించదు. చలికాలపు ప్రత్యేక సాధనలో తెల్ల దుస్తులతో వట్టి కాళ్ళతో గుంపుగా వీధుల్లో పరుగెత్తి, సముద్రంలోకి దిగి గుద్దులు సాధన చేసే ఆచారమూ ఉంది. అక్కడ సాధనే వీధిలోకి వచ్చింది, దానితో బట్ట వచ్చింది. అదే జపానులో విశ్వవిద్యాలయపు క్లబ్బుల విద్యార్థులు దూరప్రయాణానికి మామూలు దుస్తుల్లో బయలుదేరి, డ్రెస్సును నీటుగా మడిచి బెల్టుతో కట్టి భుజాన వేసుకుంటారు. నా దృష్టిలో ఈ మూడింటిలో వైరుధ్యమేమీ లేదు. సాధన ఎక్కడ ఉందో బట్ట అక్కడ ఉంది.

మన దగ్గరా ఇలాగే ఉండేది. తాలింఖానాలో, అంటే వ్యాయామశాలలో, కుస్తీ పట్టే పహిల్వాను లంగోటా గోదా గడప దాటి బయటకు వచ్చేది కాదు. అదే దసరాకు అమలాపురంలో చెడీ తాలింఖానా పేరుతో కర్రసాము, కత్తిసాము వీధిలోనే సాగుతాయి. ఆ విద్యను ఊరికి చూపించే రోజు అది, ఆ రోజు వీధే గరిడీ, అంటే సాము చేసే చోటు. ఆ సాము చేసేవాళ్ళ ముందు గురువు ఉంటాడు, వాయిద్యం ఉంటుంది, గీత గీసినట్టు వలయం కట్టి జనం నిలబడతారు. అందువల్ల కరాటే పిల్లలు విశాఖ రామకృష్ణా బీచిలో తెల్లవారి కటాలు చేసినా, బడి వార్షికోత్సవంలో వేదిక ఎక్కినా నాకు అభ్యంతరం లేదు. మొదలుకూ తుదకూ నమస్కారం ఉంది, మధ్యలో పని ఉంది.

నన్ను బాధపెట్టేది వేరే ఒకటుంది. సభలకు వచ్చే పెద్దలకు స్వాగతం పలకడానికి పిల్లలను డ్రెస్సుల్లో రెండు వరసలుగా ఎండలో నిలబెట్టడం మన జిల్లాల్లో మామూలైపోయింది. ఆ పిల్లలు అక్కడ ఏ విద్యా చూపించరు. గంటల తరబడి నిలబడి, కారు దిగినవారు దాటిపోగానే చెదిరిపోతారు. ఒకసారి నేనే మా పిల్లలను అలా పంపాను. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే, ఒక చిన్నపిల్ల చొక్కా కుడి అంచు పైకి వచ్చేలా కట్టుకుని, బెల్టు జారిపోతుంటే పట్టుకుని, దాహంతో నిలబడి ఉంది. ఎడమ అంచు పైకి రావాలి. జపానులో కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికే. ఆ పిల్ల కట్టు సరిచేసే మనిషి కూడా అక్కడ లేడు. తోరణానికి కట్టిన మామిడాకుల్లా వాళ్ళను వాడుకున్నారు, ఆ వాడకానికి ఒప్పుకున్నది నేను. ఆ తరువాత ఎంత పెద్దవారు అడిగినా, ఎంత మొహమాటమైనా, మా పిల్లలను అలా పంపలేదు.

ఇక ఆడపిల్లల విషయం. ఇక్కడ నియమం చెప్పేవాళ్ళే ముందు తలవంచుకోవాలి. బట్టలు మార్చుకునే గదులున్న స్టేడియాల కోసం రాసిన మర్యాదలను మనం బడి మైదానాల్లో, అపార్టుమెంటు సెల్లార్లలో, పార్కుల్లో నడిచే తరగతుల మీద రుద్దుతున్నాం. 13 ఏళ్ళ పిల్ల ఎక్కడ మార్చుకుంటుంది? అందుకని ఇంటి దగ్గరే తెల్లబట్టలు కట్టుకుని ఆటో ఎక్కుతుంది, దారంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. నెలసరి రోజుల్లో ఆ తెల్ల ప్యాంటుతో రోడ్డు మీదకు రాలేక మానేస్తుంది. నాలుగు నెలలు ప్రతి నెలా మానేశాక, ఇక రావడమే మానేస్తుంది. మా దగ్గర ఇలా ముగ్గురు మానేశారు. కారణం నాకు వాళ్ళు చెప్పలేదు, నా భార్యకు చెప్పారు. ఆ రోజు నుంచి, మార్చుకునే చోటు చూపించని శిక్షకుడికి వీధిలో డ్రెస్సు వద్దని చెప్పే హక్కు లేదన్నది నా నిశ్చితాభిప్రాయం. మేము బడి యాజమాన్యాన్ని అడిగి, ఆటసామాను పడేసే చిన్న గదిని ఖాళీ చేయించాం. లోపలి వైపు గడియ, ఒక బల్బు, నాలుగు మేకులు, ఒక అద్దం పెట్టాం. ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. నెలసరి రోజుల్లో నల్ల ట్రాకు ప్యాంటు వేసుకోవచ్చని, అందుకు ఎవరినీ అడగనక్కరలేదని చెప్పాం. మానేసిన ముగ్గురిలో ఒకమ్మాయి తిరిగి వచ్చింది.

పుట్టినరోజు పిల్లవాడి తల్లికి మరునాడు ఫోను చేశాను. ఇంతా ఆమెకు చెప్పలేదు. “అమ్మా, ఆ డ్రెస్సు మీవాడు తోటి పిల్లలతో కలిసి సాధన చేయడానికి. ఇంట్లో బంధువుల మధ్య వేసుకుంటే ఒక్క దెబ్బ చూపించరా అని వాణ్ణి ఆడిస్తారు. వాడు చూపిస్తాడు. పక్కనున్న చెల్లెలికో తమ్ముడికో తగులుతుంది. ఆదివారం పొద్దున ఎలాగూ తరగతి ఉంది కదా, కేకు ఇక్కడికే తీసుకురండి” అన్నాను. “బెల్టుతో కోయనిస్తారా అని అడుగుతున్నాడండీ” అన్నారు ఆమె నవ్వుతూ. పిల్లవాణ్ణి ఫోనులోకి పిలిపించి, తరగతి అయ్యేదాకా బెల్టు నడుముకు ఉంటుందనీ, నమస్కారమయ్యాక విప్పి మడిచి సంచిలో పెట్టుకున్నవాడికే కేకు అనీ, ఇది వాడికే కాదు, నాతో సహా అందరికీ అనీ చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “మీరు కూడా విప్పుతారా మాస్టారూ?” అని అడిగాడు. విప్పుతానన్నాను. ఆ ఆదివారం సాధన అయ్యాక 30 మందిమీ బట్టలు మార్చుకుని వరండాలో కూర్చున్నాం.